ప్రోగ్రామర్ కొనబోయే ముందు: అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్‌లో రాసిన కోడ్‌ని మైక్రోకంట్రోలర్‌లోకి ఎక్కించే చిన్న బోర్డే ప్రోగ్రామర్. దీని గురించి కాలేజీ ల్యాబుల్లో, విడిభాగాల షాపుల్లో చెప్పుకునే మాటల్లో కొన్ని అపోహలున్నాయి. వాటిని నమ్మి పిల్లలు డబ్బు పోగొట్టుకుంటున్నారు. అంతకన్నా బాధాకరం, నిక్షేపంలాంటి చిప్పుల్ని పారేస్తున్నారు.

అపోహ: చవక ప్రోగ్రామర్లు నాసిరకం.

వాస్తవం: ఏవీఆర్ చిప్పులకు యూఎస్‌బీఏఎస్‌పీ అనే చవక ప్రోగ్రామర్ చక్కగా సరిపోతుంది. థామస్ ఫిష్ల్ దీన్ని రూపొందించి, సర్క్యూట్‌నీ ఫర్మ్‌వేర్‌నీ అందరికీ ఇచ్చేశారు. లోపల ఉండేది ప్రధానంగా ఒక ఏటీమెగా8, ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. అందుకే తక్కువ ధరకి వస్తుంది. ఇంట్లో ఆర్డుయినో ఊనో ఉంటే అదీ అక్కర్లేదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ ఉదాహరణల్లోని ‘ఆర్డుయినో ఐఎస్‌పీ’ స్కెచ్ ఎక్కిస్తే ఊనోనే ప్రోగ్రామర్ అవుతుంది.

అపోహ: ‘టార్గెట్ డజంట్ ఆన్సర్’ అని వస్తే చిప్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు చిప్ బాగానే ఉంటుంది, తేడా వేగంలో ఉంటుంది. కొత్త ఏటీమెగా328పీ లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని ఎనిమిదితో భాగించుకుని 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ప్రోగ్రామర్ పంపే క్లాక్ అందులో నాలుగో వంతు, అంటే 250 కిలోహెర్ట్జ్ దాటకూడదు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా పంపేది 375 కిలోహెర్ట్జ్. ఇక చిప్ ఎలా పలుకుతుంది? కోడ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఏవీఆర్‌డ్యూడ్ కమాండ్‌లో ‘-బి 10’ చేర్చి చూడండి (బి పెద్దక్షరం). ‘ఎస్‌సీకే పీరియడ్’ మార్చలేనని హెచ్చరిక వస్తే ఫర్మ్‌వేర్ పాతదన్నమాట. అప్పుడు బోర్డు మీద జేపీ3 అని రాసి ఉన్నచోట జంపర్ పెట్టాలి. చవక బోర్డుల్లో అక్కడ పిన్నులు లేకుండా రెండు రంధ్రాలే ఉండొచ్చు. చిన్న వైరు ముక్కతో వాటిని కలిపి సోల్డర్ చేస్తే సరిపోతుంది. తీగల కనెక్షన్లు సరిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఇవేవీ చూడకుండా చిప్ పారేయడం అన్యాయం.

అపోహ: ఫ్యూజ్ తప్పు రాస్తే చిప్ వృథా.

వాస్తవం: ఫ్యూజ్‌లంటే చిప్ సెట్టింగులు దాచే బిట్లు. ఎక్కువగా జరిగేది క్లాక్ ఫ్యూజ్ పొరపాటే. క్రిస్టల్ లేకుండానే క్రిస్టల్ ఉన్నట్టు రాసేస్తారు. క్రిస్టల్ పెట్టండి, చిప్ మళ్లీ పలుకుతుంది. రీసెట్ పిన్‌ని ఆపేసే ఫ్యూజ్ రాస్తే మాత్రం 12 వోల్టుల ప్రోగ్రామింగ్ తప్పదు.

అపోహ: మంచిది ఒకటి కొంటే అన్ని చిప్పులకూ పనికొస్తుంది.

వాస్తవం: 8051 కుటుంబంలోనే చూడండి. ఏటీ89ఎస్52కి యూఎస్‌బీఏఎస్‌పీతో, తగిన సాఫ్ట్‌వేర్‌తో కోడ్ ఎక్కించవచ్చు. ఏటీ89సీ51కి కుదరదు, దానికి ప్యారలల్ ప్రోగ్రామర్ కావాలి. పిక్‌లకు పిక్‌కిట్, ఎస్‌టీఎం32కి ఎస్‌టీ-లింక్. కొత్త ఏటీటైనీల్లో చాలావాటికి యూపీడీఐ పద్ధతి, వాటి దగ్గర యూఎస్‌బీఏఎస్‌పీ పనిచేయదు.

అపోహ: ప్రోగ్రామర్ మీది వోల్టేజీ జంపర్‌ని 3.3 వోల్టులకు మారిస్తే అన్నీ భద్రం.

వాస్తవం: చాలా బోర్డుల్లో అది సరఫరా వోల్టేజీనే మారుస్తుంది, డేటా లైన్లు 5 వోల్టుల దగ్గరే ఉంటాయి. అవే లైన్లకు 3.3 వోల్టుల రేడియో మాడ్యూల్ కలిపి ఉంటే కోడ్ ఎక్కించేముందు తీసేయండి.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ముందు చిప్ నంబరు పూర్తిగా రాసుకుని, దాని డేటాషీట్‌లో ప్రోగ్రామింగ్ అధ్యాయం చదవండి. ఆ తర్వాతే ధర అడగండి. మిగిలిన డబ్బుతో ఒక మల్టీమీటర్ కొనుక్కోండి.