మలుపులో కొట్టు... మూలన గుమ్మం!

పోపులోకి ఆవాలు నిండుకుంటే పిల్లాడి చేతిలో చిల్లర పెట్టి ‘వీధి చివర కొట్టుకెళ్లి రా’ అని తరమడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఆస్ట్రేలియాలోనూ తరాల తరబడి అదే జరిగింది. కాకపోతే అక్కడ తెప్పించేది పాలూ, రొట్టే, టీపొడీ. ఆ కొట్లు చాలావరకు మూతపడ్డాయి. కట్టడాలు మాత్రం సిడ్నీలోని పాడింగ్టన్‌, న్యూటౌన్‌లలో, మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌, కార్ల్‌టన్‌లలో ఇంకా కనిపిస్తాయి. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు వాటి పక్కనుంచే నడుస్తుంటారు.

తెగిన మూలే గుర్తు

రెండు వీధులు కలిసేచోట భవనం మూలని ఏటవాలుగా కోసేసి, సరిగ్గా అక్కడే గుమ్మం పెట్టేవారు. మన వాస్తు పండితులు చూస్తే గగ్గోలు పెడతారేమో గానీ, వ్యాపారానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఏ వీధిలోంచి వచ్చినా ముందు కనపడేది ఆ తలుపే! దానికి అటూ ఇటూ పెద్ద అద్దాల కిటికీలు. చాలాచోట్ల వాటి కింద మెరిసే పలకలు అతికిన పొట్టిగోడ. వాననీళ్లు చిందినా, బూట్లు తగిలినా గుడ్డ పెట్టి తుడిస్తే చాలు. కొట్టు వెనకో, పైనో యజమాని కాపురం.

కాలిబాట మీదికి ఉండే వసారాకి మొదట్లో స్తంభాలుండేవి. మోటారు కార్లు పెరిగాక స్థానిక సంస్థలు చాలాచోట్ల వాటిని తీయించేశాయి. దాంతో చూరుని ఇనుప కడ్డీలతో గోడకే వేలాడదీశారు. ఇక, కొట్టు వయసు తెలియాలంటే తలెత్తి పిట్టగోడ చూడాలి. గచ్చుపూత, కూజాల్లాంటి అలంకారాలుంటే 1880ల ప్రాంతంలోది. ఎర్ర ఇటుకా, వంపులూ ఉంటే 1901లో ఆస్ట్రేలియా ఒక్క దేశమైన రోజులది. మెట్లు మెట్లుగా ఉందా... 1930ల నాటి ఆర్ట్‌ డెకో. కొన్నిటి మీద కట్టిన సంవత్సరమూ ఉంటుంది, ఈ తంటా లేకుండా.

ఇంతకీ అన్ని కొట్లెందుకు? ఇంట్లో ఫ్రిజ్‌ లేదు, వాకిట్లో కారు లేదు. ఏ రోజుకారోజు నడిచెళ్లి తెచ్చుకోవాల్సిందే. పైగా పెద్ద దుకాణాలు సాయంత్రానికి మూసెయ్యాలనే చట్టాల నుంచి చిన్నకొట్లకి మినహాయింపులుండేవి. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని నడిపేవారు. గ్రీసు, ఇటలీల నుంచి వలసొచ్చిన కుటుంబాలెన్నో అలాగే నిలదొక్కుకున్నాయి. 1932లో గ్రీకు వలసదారు మిక్‌ ఆడమ్స్‌ సిడ్నీ మార్టిన్‌ప్లేస్‌లో మిల్క్‌బార్‌ తెరిచాడు. ఆ మోజు ఎంతగా పాకిందంటే, మెల్‌బోర్న్‌లో మూలకొట్టు పేరే మిల్క్‌బార్‌ అయిపోయింది!

తర్వాత ఫ్రిజ్‌ వచ్చింది, కారొచ్చింది, సూపర్‌మార్కెట్‌ వచ్చింది. 1996లో విక్టోరియా రాష్ట్రం దుకాణాల వేళలపై ఆంక్షల్ని చాలావరకు ఎత్తేయడంతో ఉన్న ఆసరా కూడా పోయింది.

ఇప్పుడవి కొన్ని కాఫీ హోటళ్లు, కొన్ని ఇళ్లు. వారసత్వ జాబితాకెక్కిన వాటి రూపం మార్చాలంటే అనుమతి కావాలి. మంచిదే. కానీ ఆ నిబంధన పిట్టగోడని కాపాడగలదు గానీ కొట్టుని కాదుగా! ఇల్లుగా మారినచోట మూల గుమ్మానికి తాళం, అద్దాలకి తెరలు. రాకపోకలు పక్క తలుపులోంచి. కారు నడపలేని పెద్దవాళ్లకి నడక దూరంలో పాలు దొరికే చోటు పోయింది.

గోడకి వేసిన రంగు రాలినప్పుడో, ఆనుకున్న ఇల్లు పడగొట్టినప్పుడో బుషెల్స్‌ టీ లాంటి పాత ప్రకటనలు బయటపడుతుంటాయి, పెయింటర్లు చేత్తో రాసినవి. వాటిని ‘దెయ్యం రాతలు’ అంటారక్కడ. వాటికి మళ్లీ రంగులద్దాలా, వెలిసినట్టే వదిలెయ్యాలా అన్నదానిపై వారసత్వ ప్రేమికుల్లోనే వాదులాట నడుస్తోంది.