నిప్పుకూ నేలకూ మధ్య ఒక చెక్క అంచు

అక్టోబరు చివరి వారం. అమెరికా ఈశాన్య కోణంలోని వెర్మాంట్ రాష్ట్రంలో మేపుల్ చెట్లు ఆకులు రాల్చి నిలిచాయి. పెరట్లో చలికాలానికి సరిపడా కట్టెలు పేర్చి ఉన్నాయి. ఇంటి హాలులో పోత ఇనుప పొయ్యి తన స్థానంలో కూర్చుంది. దాని పొగగొట్టం పైకప్పు దాటి వెళ్లింది. పొయ్యి కింద గద్దె కట్టి, దానిమీద పలకలు పరచడం కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. గద్దె అంచున పలకల గరుకు కోతలూ, వాటి కింది సిమెంటు పొరా ఎబ్బెట్టుగా కనిపిస్తున్నాయి. వాటిని కప్పుతూ చుట్టూ ఓక్ చెక్క పట్టీ ఒకటి బిగిస్తే పని పూర్తవుతుంది. ఆ ప్రాంతపు గృహస్థులు చాలామంది దీన్ని ఒక సెలవుదినపు వ్యాపకంగా భావిస్తారు. అలంకారమే కదా అనుకుంటారు. ఆ ఇంటి భద్రతలో కొంత భాగం ఆ అలంకారం ఎక్కడ మొదలవుతుందన్నదానిమీద ఆధారపడి ఉంటుంది.

మనకు పొయ్యి అంటే వంటకు. చలి కాచుకోవడానికి కుంపటో, వీధిలో చలిమంటో చాలు. ఇల్లంతటినీ వెచ్చజేసే నిప్పుకూ, అది నిలిచే గద్దెకూ, దాని చుట్టూ చేరే సంసారానికీ కలిపి ఇంగ్లీషువారు ‘హార్త్’ అనే ఒక్క మాట వాడతారు. దానికి సరితూగే మాట తెలుగులో లేదు. మన ఎండల్లో దాని అవసరమూ రాలేదు. లాటిన్ భాషలో ఆ మాట ‘ఫోకస్’. కాంతికిరణాలు కలిసే బిందువుకు 1604లో కెప్లర్ పెట్టిన పేరు అదే. ఇంట్లో అందరి చూపులూ కలిసే చోటు పేరు అలా శాస్త్రంలోకి నడిచి వెళ్లింది. మన దేశంలో ఆ చోటు చూడాలంటే కాశ్మీరుకో, హిమాచల్ ప్రదేశ్‌కో వెళ్లాలి. అక్కడి బుఖారీ, కొండ ఇళ్లలో గది మధ్య నిలిపే తందూరు ఈ ఇనుప పొయ్యికి దగ్గరి చుట్టాలు.

అమెరికాలో కట్టెల పొయ్యికి పాత చరిత్రే ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఇనుప పొయ్యిని రూపొందించి దాన్ని వివరిస్తూ 1744లో ఒక చిన్న పుస్తకమే అచ్చువేశాడు. తరువాత బొగ్గు, చమురు, గ్యాసు వచ్చి కట్టెను చాలా ఇళ్లలోంచి తరిమివేశాయి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించడంతో ధరలు మండిపోయి, కట్టె మళ్లీ ఇంట్లోకి వచ్చింది. కాని నిప్పును మచ్చిక చేసుకునే తాతల నాటి నేర్పు దానివెంట రాలేదు. పొయ్యిని గోడకు మరీ దగ్గరగా నిలిపినవారూ, పొగగొట్టాన్ని చెక్క దూలాలకు ఆనించినవారూ ఇళ్లు పోగొట్టుకున్నారు. పొయ్యికీ, మండే స్వభావంగల వస్తువులకూ మధ్య ఎంత దూరం ఉండాలో పొయ్యిమీదే ముద్రించి తీరాలని అమెరికా ప్రభుత్వం 1983లో నియమం చేసింది.

ఈ దూరాల విషయంలో సామాన్యుడు పడే పొరపాటు ఒకటుంది. రాయి కాలదు, కనుక రాయి వెనుక ఉన్నది క్షేమమనుకుంటాడు. మే నెల మధ్యాహ్నం షాబాదు బండలమీద చెప్పులు లేకుండా నడిచిన తెలుగువాడికి ఈ భ్రమ ఉండకూడదు. రాయి కాలదు గాని వేడిని ఆపదు. తాగి, దాచుకుని, మెల్లగా అవతలికి పంపిస్తుంది. చెక్కగోడకు పల్చని రాతి పలకలు నేరుగా అతికిస్తే గోడకు శోభ వస్తుందే తప్ప రక్షణ రాదు. ధ్రువీకరణ లేని పాత పొయ్యి అయితే మండే గోడకు 36 అంగుళాల దూరంలో ఉండాలని అక్కడి జాతీయ అగ్ని నివారణ సంఘం ప్రమాణం చెబుతుంది. అదే గోడ ముందు ఒక అంగుళం ఖాళీ వదిలి, కింద గాలి ప్రవేశించి పైన వెళ్లిపోయేలా ఇనుప రేకు నిలిపితే ఆ దూరాన్ని 12 అంగుళాలకు తగ్గించవచ్చు. రేకు కంటే దాని వెనుక కదిలే గాలే గోడను కాపాడుతుంది.

గోడ లోపలి చెక్కకు జరిగే హాని కంటికి కనిపించదు. మామూలుగా 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో, దగ్గర మంట ఉంటే, కర్ర అంటుకుంటుంది. అంతకు చాలా తక్కువ వేడి అయినా ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే దాని స్వభావం మారిపోతుంది. ముందు తేమ పోతుంది, తరువాత ఆవిరయ్యే పదార్థాలు పోతాయి. రంగు గోధుమకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. బొగ్గుబట్టీలో కొద్ది రోజుల్లో ముగిసే పనే గోడ చాటున చలికాలం తరువాత చలికాలంగా సాగుతుంది. అలా మాడిన కర్ర, కొత్త కర్ర తట్టుకునే వేడికే రాజుకోగలదు. ఎంత తక్కువ వేడికి రాజుకుంటుందన్నదానిపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. ‘ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదు’ అనే ధీమాకు మాత్రం ఇక్కడ విలువ లేదు. ఆ ఇరవై ఏళ్లూ గోడలో బొగ్గు తయారవుతూ ఉండవచ్చు.

చెక్క అంచు సంగతి ఇప్పుడు చూడాలి. ధ్రువీకరణ లేని పొయ్యికి అన్ని వైపులా 18 అంగుళాల మేర నేలను మండని పదార్థంతో కప్పాలన్నది నియమం. ధ్రువీకరణ పొందిన పొయ్యికి తయారీదారు ముద్రించిన కొలతే ప్రమాణం. చాలామంది చెక్క పట్టీతో కలిపి గద్దెను కొలిచి 18 వచ్చిందని తృప్తిపడతారు. పట్టీ వెడల్పు 3 అంగుళాలైతే వారికి నిజంగా ఉన్నది 15 అంగుళాలే. తలుపు తెరిచినప్పుడు ఎగిరిపడే కణికకు ఆ చివరి 3 అంగుళాలలో దొరికేది నున్నగా నూనె పట్టించిన ఓక్ చెక్క. నియమం కోరిన కొలత పలకలతోనే పూర్తి కావాలి; చెక్క ఆ తరువాతనే మొదలు కావాలి. పలకల కిందా జాగ్రత్త అవసరం. కొన్ని పొయ్యిల కింద నిప్పురవ్వలను ఆపితే చాలు, మరికొన్నింటి కింద వేడిని ఆపే పొర కూడా వేయాలి. పొయ్యితో వచ్చే పుస్తకం ఆ సంగతి చెబుతుంది. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరన్నది వేరే విషయం.

గోడలో ఇటుకలతో కట్టే బాహాటపు నిప్పుగూడుకూ ఇటువంటి లెక్కే ఉంది. గూడు నోటికి 6 అంగుళాల లోపున చెక్కపని ఉండరాదు. 12 అంగుళాల లోపున ఉండే చెక్క, దూరంలో ప్రతి అంగుళానికి అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు పొడుచుకు రాకూడదు. నోటికి 8 అంగుళాల ఎడంలో ఉన్న నగిషీ పట్టీ ఒక అంగుళం మాత్రమే ముందుకు రావచ్చునన్నమాట.

దూరం కుదిరాక, చెక్క తన స్వభావం చూపుతుంది. రాయి ఉన్నచోటనే ఉంటుంది. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఈ మార్పు నారల పొడవున లెక్కలోకి రానంత స్వల్పం, నారలకు అడ్డంగా ఎక్కువ. 4 అంగుళాల వెడల్పుగల ఎర్ర ఓక్ పట్టీలో తేమ 12 శాతం నుంచి 6 శాతానికి పడిపోతే వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్ల వరకూ తగ్గవచ్చు. అందుకే మూలలలో 45 డిగ్రీల కోతతో అందంగా కలిపిన అతుకు జనవరి వచ్చేసరికి లోపలి వైపు నోరు తెరుస్తుంది. పనివాడి చేతిలో లోపం లేకపోయినా ఇంతే. పట్టీకీ పలకకూ మధ్య సిమెంటు నింపితే అదీ పగులుతుంది. అక్కడ సన్నని సందు వదిలి, సాగే గుణంగల సిలికోన్ నింపడం మేలు. బిగించేముందు చెక్కను కొన్ని వారాలు ఆ గదిలోనే ఉంచితే సగం బెడద తీరుతుంది. కాశ్మీరు వడ్రంగులు ఖతంబంద్ కప్పులలో చిన్న చిన్న చెక్క ముక్కలను మేకు లేకుండా గాడులలో ఇమిడ్చి కూర్చుతారు. చలికీ వేడికీ ప్రతి ముక్కకూ కాస్త కదిలే వీలుంటుంది. ఓక్ పట్టీ బిగించే వెర్మాంట్ గృహస్థు ఆ కప్పును ఒక్కసారి చూస్తే మేకులు తగ్గించుకుంటాడు.

చివరిది మెరుగు. చెక్కకు అవిసె నూనె పట్టించడం పాత అలవాటు. ఈ నూనె నీటిలా ఆవిరై ఆరదు; గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల తగలకుండానే వాటిని మండించగలదు. 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే అంటుకుంది. 22వ అంతస్తులో చెక్కపనికి మెరుగు దిద్దినవారు వదిలివెళ్లిన అవిసె నూనె గుడ్డలే దానికి మూలం. 30వ అంతస్తులో నీరు చిమ్మే యంత్రాలు అడ్డుకునేవరకూ మంట పైకి పాకుతూనే ఉంది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. భవనం మళ్లీ వాడుకలోకి రాలేదు. 1999 నాటికి దాన్ని పూర్తిగా కూల్చివేశారు.

అందుకని వెర్మాంట్‌లో తెలిసిన గృహస్థు పట్టీకి నూనె పట్టించిన సాయంత్రమే పొయ్యి రాజెయ్యడు. గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి, పెరట్లో దండెంమీద ఎడం ఎడంగా ఆరవేస్తాడు. అవి అట్టలా బిరుసెక్కాకనే మొదటి కట్టె లోపలికి వస్తుంది. మంట అందుకుని గంటో రెండు గంటలో గడిచాక అతడు వంగి, ఓక్ అంచుమీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. చెయ్యి అక్కడ హాయిగా నిలిస్తే, కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.