ఒకే ముంగిట మూడు తరములు

తాతకును మనుమనికిని నడుమ చెలిమి కుదురుటకు ఎవరును ప్రణాళిక వేయనక్కరలేదు. కాని ఒకరికొకరు ఏమియు కాని వృద్ధులును బాలకులును నిత్యము కలిసికొనుచుండవలెనన్నచో, వారు నడచు దారులను, కూర్చుండు బల్లలను, ఎక్కి దిగు మెట్లను గూర్చి ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి యుండవలెను. పూర్వము మన పల్లెలలో ఈ పనిని వీధి అరుగును, రచ్చబండయు, నూతిగట్టును ఎవరును చెప్పకయే చేసెడివి. పట్టణములలో ఇండ్లు అంతస్తులుగా లేచిన పిమ్మట అరుగు పోయినది. దాని స్థానమున ఏమి యుండవలెనను ఆలోచన మనకింకను పుట్టలేదు. సింగపూరువారికి పుట్టినది.

ఆ ద్వీపమున అత్యధిక సంఖ్యాకులు 1960 లో ఏర్పడిన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఫ్లాట్లలోనే నివసింతురు. పెక్కు భవనములకు క్రింది అంతస్తును గదులుగా విభజింపక విశాలముగా విడిచిపెట్టుట అక్కడి పద్ధతి. పెండ్లి విందు జరుగునది అక్కడనే, చావుకబురు విని వచ్చినవారికి కుర్చీలు వేయునది అక్కడనే, పగటిపూట ముసలివారు చదరంగమాడునదియు అక్కడనే. 2030 నాటికి పౌరులలో నలుగురికొకరు 65 ఏండ్లు దాటినవారగుదురని లెక్క తేలుటతో, ఖాళీ నేలను విడిచిపెట్టినంతమాత్రమున చాలదని ప్రభుత్వము గుర్తించినది.

ఆ గుర్తింపునకు ఫలమే ద్వీపమున ఉత్తరభాగమందలి వుడ్‌ల్యాండ్స్‌లో మెట్రో స్టేషనును ఆనుకొని, రెండెకరములకు కొంచెము మించిన స్థలములో నిర్మితమై 2018 లో ప్రారంభమైన ‘కాంపుంగ్ అడ్మిరల్టీ’. నేలమట్టమున ఎండకును వానకును జడియనక్కరలేని చావడివంటి బహిరంగ ప్రాంగణము, దానిపైన చవుకగా భోజనము దొరకు అంగళ్ల వరుస, ఆపైన వైద్యకేంద్రము, ఇంకను పైన మెట్లుమెట్లుగా ఎదుగు తోటల నడుమ శిశుకేంద్రమును, వృద్ధుల కార్యక్రమ కేంద్రమును ప్రక్కప్రక్కనే, వీనినన్నిటిని అంటి వృద్ధుల కొరకు 104 చిన్న ఫ్లాట్లు. మిద్దె మీద నివాసులు కలిసి కూరగాయలు పండించుకొను మడులు కూడ గలవు. వోహా అను స్థానిక వాస్తుశిల్ప సంస్థ రూపొందించిన ఈ కట్టడమునకు ఆ సంవత్సరమే ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ వాస్తు ఉత్సవమున ఉత్తమ భవనముగా పురస్కారము లభించినది.

ఇందలి నేర్పు అలంకారమున లేదు, అమరికలో నున్నది. రక్తపుపోటు చూపించుకొన వచ్చిన ముదుసలికిని, బిడ్డను శిశుకేంద్రమునుండి తోడ్కొనిపోవ వచ్చిన తల్లికిని, ఆకలిగొని వచ్చిన కళాశాల విద్యార్థికిని రాకపోకలు ఒకే ఆవరణలో సాగును గనుక, ఎవరును ఎవరినిగాని పనిగట్టుకొని వెదకనక్కరలేకయే ముఖపరిచయము కలుగును. ఇండ్ల గుమ్మములయొద్ద ఇరుగుపొరుగువారు కలిసి కూర్చుండుటకు బల్లలమర్చిరి. బలవంతపు స్నేహమునకు వీరు పూనుకొనలేదు. స్నేహమునకు అవకాశమును మాత్రమే కట్టిరి. వృద్ధులందరును పసివారిని చూచి మురియుదురనుట కవులు చెప్పు మాట. గోల గిట్టనివారును గలరు. అట్టివారు తమ తలుపు మూసికొనుటకును వీలుండవలెను.

అయినను ఈ కట్టడమందొక వెలితి గలదు. అక్కడి ఫ్లాట్లు 55 ఏండ్లు నిండినవారికి ఉద్దేశింపబడినవి. కనుక సాయంకాలమున బాలకులు వెడలిపోయిన పిమ్మట అది తిరిగి వృద్ధుల వాడయే యగును. నా మట్టుకు నాకు, ఆ ప్రభుత్వమే 2015 లో ప్రవేశపెట్టిన వేరొక పథకము ఇంతకంటెను గట్టిదిగా తోచును: తలిదండ్రులతో కలిసిగాని వారికి చేరువనుగాని నివసించుటకు పాత ఫ్లాటు కొనుక్కొను కుటుంబములకు ధనసహాయమొసగుట. ఒకే కప్పు క్రింద ఇమిడియుండలేని కోడలును అత్తయు రెండు వీధుల దూరమున సుఖముగా నుండగలరను సత్యమును ఒక ప్రభుత్వ కార్యాలయము గ్రహించుట అరుదైన సంగతి.

హాలెండులోని డెవెంటర్ పట్టణమున హ్యుమానిటాస్ అను వృద్ధాశ్రమమువారు వేరు మార్గము త్రొక్కిరి. కొలదిమంది విద్యార్థులకు అద్దె లేకుండ గదులిచ్చి, అందులకు బదులుగా నెలకు 30 గంటలు మంచి పొరుగువారుగా మెలగుమని కోరిరి. రోగులకు సేవచేయుట వారి పని కాదు. కలిసి భుజించుట, ముచ్చటించుట, కంప్యూటరు వాడుక నేర్పుట, ఇంతియే.

ఇక మన సంగతి. మన అపార్టుమెంటు సముదాయములలో ‘సీనియర్ సిటిజన్స్ కార్నర్’ అని బోర్డు కట్టి ముసలివారినొక మూలకును, ఉయ్యాలలు పాతి పిల్లలనింకొక మూలకును పంపి, నడుమ కార్లను నిలుపుచున్నాము. పిల్లలు విదేశములలో నుండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన దంపతులకు ఆ మూల బల్ల మీద కనబడునది కార్ల వరుసయే. అంగన్‌వాడికి ఎక్కడనో ఇరుకు గది అద్దెకు వెదకుదుము. అదే ఊరిలో పెన్షనర్ల సంఘ భవనమున పగటివేళ పెక్కు కుర్చీలు ఖాళీగానే యుండును. ఈ రెంటిని ఒకే ఆవరణలోనికి తెచ్చుటకు సింగపూరువారి ధనరాశులు అవసరము లేదు. పురపాలక సంఘమున ఒక తీర్మానమును, ఇరుప్రక్కలవారి సమ్మతియు చాలును. మీ నివాసుల సంఘము తదుపరి సమావేశమున పార్కింగు తగాదా తెమిలిన పిమ్మట, వృద్ధుల బల్లలను ఆటస్థలమునకు ఎదురుగా, చెట్టునీడకు మార్పింపుడని ఒక్క మాట ప్రతిపాదింపుడు.