అడ్డం... నిలువు... అలక!

ఎటునుంచి చూసినా అభినయమే. మూడక్షరాలు. చెప్పుకోండి చూద్దాం! తట్టలేదా? 'నటన'!

హాలియాలో కలిసి చదువుకున్న నలుగురం మేం. ఇద్దరం ఇక్కడే ఉన్నాం, ఒకడు హైదరాబాదులో, ఇంకొకడు దుబాయిలో. రాత్రి తొమ్మిదయిందంటే వాట్సాప్‌లో ఆధారాల యుద్ధమే!

1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ మొదలెట్టిన గళ్ళాట ఇది. మన శ్రీశ్రీ, ఆరుద్రలు కూడా తెలుగులో గళ్ళు కట్టి పాఠకుల బుర్రలు తిన్నవారే. ఇంగ్లీషులో గడికో అక్షరం చాలు. మనకో? గుణింతం, ఒత్తు అన్నీ ఒక్క గడిలోనే సర్దుకోవాలి. 'క' ఉండాల్సినచోట 'కా' దూరిందా, నిలువు మాట గల్లంతే!

తగవు అక్కడే వచ్చింది. "సాగర్ కాలువ దీర్ఘం పోగొట్టుకుని పూసింది (3)" అని దుబాయివాడు వదిలాడు. జవాబు 'కలువ'. హైదరాబాదువాడు భగ్గుమన్నాడు. "గిదేం ఆధారంరా? అక్షరాలు తిరగెయ్యి, తల నరుకు, గుణింతం జోలికి మాత్రం రాకు!" నా ఓటు దుబాయివాడికే. దీర్ఘం పోయిందని చెప్పే అడిగాడు కదా! ఆధారం తికమక పెట్టొచ్చు, అబద్ధమాడకూడదు, అంతే.

రెండు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. గళ్ళు బోసిపోయాయి. చివరికి హైదరాబాదువాడే దిగొచ్చాడు: "పాట తిరగబడి పోస్టుమాన్ చేతిలో పడింది (2)."

దుబాయి నుంచి నిమిషంలో జవాబు: "టపా. అందిందిరా!"

ఇక మీ వంతు. వంశీ 1984 సినిమాకి తల తీసేస్తే హీరోయిన్ (2). ఎవరబ్బా?