నీటిమీద పొగ

గిటారు నేర్చుకునే కుర్రవాడున్న ఇంట్లో ఆ నాలుగు స్వరాల వరుస వినబడక మానదు. ఆ పాట పేరు ‘స్మోక్ ఆన్ ది వాటర్’. కట్టినవారు ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ బృందం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రాక్ సంగీతంతో పనేమిటని మీరడగవచ్చు. సంగీతం మాట అటుంచండి. నన్ను పట్టుకున్నది ఆ పాట వెనుక ఉన్న కథ.

1971 డిసెంబరులో ఈ బృందం స్విట్జర్లండులో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంత్రో పట్టణానికి వెళ్ళింది. అక్కడి కాసినోలో కచేరీలు ముగిశాక, ఖాళీ అయిన ఆ భవనంలో తమ పాటలు రికార్డు చేసుకోవాలని ఏర్పాటు. యంత్రసామగ్రి అంతా రోలింగ్ స్టోన్స్ వారి లారీలో సిద్ధంగా ఉంది. డిసెంబరు 4న ఫ్రాంక్ జాపా బృందం కచేరీ జరుగుతోంది. ఓడలవారు ఆపదవేళ ఆకాశంలోకి వెలుగు చిమ్మేందుకు వాడే తుపాకి ఒకటుంటుంది. ప్రేక్షకులలో ఎవడో దాన్ని పైకప్పుకేసి పేల్చాడు. కప్పు అంటుకుంది, భవనం బూడిదయింది. మాంత్రో జాజ్ ఉత్సవ నిర్వాహకుడు క్లోద్ నాబ్స్ లోపలికీ బయటికీ పరుగులు తీస్తూ పిల్లలను బయటికి లాగాడు. ఒక్క ప్రాణమూ పోలేదు!

చోటు పోయింది. ఇంకో నాటకశాలలో మొదలుపెడితే, ఆ మోత భరించలేక ఇరుగుపొరుగువారు పోలీసులను పిలిచారు. చివరకు చలికాలానికి మూసివేసిన గ్రాండ్ హోటల్ నడవాలో, మోత అణచడానికి పరుపులు అడ్డం పెట్టుకుని, పని ముగించారు. ఒకనాడు నిద్రలేస్తూ రోజర్ గ్లోవర్ అన్న మాటే పాటకు పేరయింది. సరస్సుమీద పరుచుకున్న ఆ పొగ అతని కళ్ళలో అలాగే నిలిచిపోయింది కాబోలు! గాయకుడు ఇయన్ గిల్లన్, అతనూ కలిసి చరణాలు కట్టారు.

1972లో ‘మెషీన్ హెడ్’ ఆల్బం వెలువడినప్పుడు బృందంవారికే దీనిపై పెద్ద ఆశ లేదు. మొదట విడిగా విడుదల చేసింది వేరే పాటను. 1973లో దీన్ని అమెరికాలో విడిగా వేస్తే, అక్కడి పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది.

ఇందులో అలంకారాల ఆర్భాటం లేదు. మన జానపద గాథల్లోలాగే ఊరిపేరుతో సహా జరిగింది జరిగినట్లు చెప్పారు. ఒక్క సంగతి మాత్రం గమనించండి. నిప్పంటించినవాడికి ఈ పాటలో పేరు లేదు. పిల్లలను కాపాడినవాడికి ఉంది. నాబ్స్ 2013లో కన్నుమూశాడు. పాట పాడినప్పుడల్లా ఆయన పేరు పలుకుతూనే ఉన్నారు. పాట కట్టేవాడు చేయగల సత్కారం ఇంతకంటె ఏముంటుంది?