కొండదారి మీద మోటారు సైకిలు: సుఖము, నేల పట్టు

సైకిలుకు గాలి కొట్టించిన తరువాత టైరును బొటనవ్రేలితో నొక్కి చూడటము మన ఊళ్ళలో పరిపాటి. వ్రేలు ఏ మాత్రము దిగబడకపోతే గాలి బాగున్నదని తృప్తి. తారురోడ్డు మీద ఈ పరీక్ష తప్పు కాదు. గట్టి టైరు తక్కువగా నలుగుతుంది. తొక్కేవాని శ్రమ వృథా కాదు. కాని రాళ్ళు, చెట్ల వేళ్ళు, వదులు మట్టి నిండిన కొండదారి మీదికి అదే టైరుతో పోతే, రాయి తగిలినప్పుడల్లా చక్రము నేలను వదలి ఎగురుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి లాభము లేదు, హ్యాండిల్ త్రిప్పీ లాభము లేదు. ఆ సైకిలుకు మోటారు, బ్యాటరీ కూడా తోడైతే చిక్కు మరింత పెరుగుతుంది.

ఇక్కడ మోటారు సైకిలంటే పెట్రోలు బండి కాదు. తొక్కుతూ ఉంటేనే సాయము చేసే విద్యుత్తు సైకిలు. యమహా సంస్థ 1993లో జపానులో ఇటువంటి సైకిలును అమ్మకానికి తెచ్చినది. కొండదారి సైకిలు చరిత్ర వేరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు టమాల్పాయిస్ కొండ దగ్గర కొందరు యువకులు పాత సైకిళ్ళపై కొండ దిగుతూ పోటీలు పడేవారు. 1976లో మొదలైన వారి పోటీకి ‘రీప్యాక్’ అని పేరు. క్రిందికి చేరేసరికి వెనుక హబ్బులోని బ్రేకు కాగి, గ్రీజు పొగయై పోయేదట. మళ్ళీ కూరవలసి వచ్చేది. ఆ పేరు అందుకే వచ్చినది. వారు కోరి వెదికి తెచ్చుకొన్నవి తేలిక సైకిళ్ళు కావు, రెండంగుళాలకు మించిన వెడల్పు టైర్లు గల పాత బరువు సైకిళ్ళు. టైరు మెత్తదనము విలువ వారికి అనుభవము మీద తెలిసినది. ఈ రెండు పాయలూ కలిసి పుట్టిన సైకిళ్ళకు 2019లో కెనడాలోని మాంట్ సెయింట్ ఆన్‌లో మొదటిసారి ప్రపంచ పోటీ జరిగినది.

ఘర్షణ బలము తాకే వైశాల్యముపై ఆధారపడదని పాఠశాలలో నేర్పుతారు. అట్లయితే వెడల్పు టైరు ఎందుకని విద్యార్థి అడగవచ్చును, అడగవలసిన ప్రశ్నే. ఆ సూత్రము గట్టిగా, నునుపుగా ఉన్న తలాలకు చెప్పినది. కొండదారి అటువంటిది కాదు. అక్కడ టైరు రాతి అంచును కొంత కౌగిలించుకొనవలె, దాని బొడిపెలు మట్టిలో దిగబడవలె. వెనుక చక్రము మీద 60 కిలోల భారము ఉన్నదనుకొందాము. చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల పీడనముతో గాలి నింపితే, టైరు గోడల బిగువును లెక్కలోనికి తీసుకొనకపోతే, నేలను తాకే వైశాల్యము 17 చదరపు సెంటీమీటర్లు. పీడనము సగము చేస్తే 34. తాకే బొడిపెలు ఎక్కువ. చిన్న రాయి వస్తే టైరు దానిని తనలో ఇముడ్చుకొంటుందే గాని చక్రమంతా పైకి లేవదు. చేతులకు అదురు తగ్గటము, నేలపై పట్టు పెరగటము ఈ విధముగా ఒకే కారణానికి రెండు ఫలితాలు. సుఖము కోరితే పట్టు పోతుందన్న భయము కొండదారి మీద చాలవరకు అపోహ.

అయితే పీడనము ఎంతవరకు తగ్గించవచ్చును? మరీ తగ్గితే రాయి టైరును రిమ్ముకు నొక్కివేసి ట్యూబుకు రెండు చిల్లులు పొడుస్తుంది. మలుపులో టైరు పక్కకు ఒరిగిపోతుంది. అందువల్లనే నేడు ఈ సైకిళ్ళలో చాలావాటికి ట్యూబు తీసివేసి, చిన్న చిల్లులను తానే పూడ్చే ద్రవము పోస్తారు. సుమారు 75 కిలోల మనిషికి, రెండున్నర అంగుళాల టైరుకు, ముందు 1.5, వెనుక 1.7 కిలోలతో ఆరంభించటము మంచిది. తరువాత ఒక్కొక్కసారి 0.1 మాత్రమే మార్చవలె. రిమ్ము రాతికి కొట్టుకొన్న చప్పుడు వినబడితే హద్దు దాటినట్లే. ఇంత సన్నని తేడాలను బొటనవ్రేలు చెప్పలేదు. చిన్న పీడనమాపకము కొనక తప్పదు. మొత్తము ఖర్చులో అతి తక్కువది, అతి ఉపయోగమైనది అదే.

టైరు ఇముడ్చుకొనలేని పెద్ద ఎగుడుదిగుళ్ళను స్ప్రింగులు చూసుకొంటాయి. ఈ సైకిళ్ళలో తరచు ఇనుప చుట్టకు బదులు బిగించిన గాలియే స్ప్రింగు. తన మామూలు దుస్తులు, సంచితో సవారి ఎక్కినప్పుడు వెనుక స్ప్రింగు తన కదలికలో నూటికి 30 వంతులు, ముందుది 20 వంతులు దిగవలె. చక్రము 150 మిల్లీమీటర్లు కదిలే సైకిలులో వెనుక దిగుడు 45 మిల్లీమీటర్లు. ఈ దిగుడు దేనికంటే, గుంట వచ్చినప్పుడు చక్రము క్రిందికి చాచుకొని నేలను అందుకొనటానికి. గాలి ఎక్కువైతే దిగుడు ఉండదు, చక్రము గుంటపై తేలిపోతుంది. మరీ తక్కువైతే సైకిలే క్రిందికి దిగి పెడళ్ళు రాళ్ళకు తగులుతాయి. మోటారు సాయముతో రాళ్ళ ఎక్కుళ్ళలో కూడా ఆపకుండా తొక్కుతారు కనుక ఈ బాధ ఇక్కడ ఎక్కువ. పెడలు క్రాంకు 175కు బదులు 165 లేక 160 మిల్లీమీటర్లది ఎన్నుకొనటము మేలు.

నొక్కుకొన్న స్ప్రింగు ఎంత వేగముగా తిరిగి లేవవలెనో నిర్ణయించేది సన్న రంధ్రాల గుండా దూరే నూనె. దానికి ఒక మర ఉంటుంది. సీటు మీద కూర్చొని అరుగు వంటి జానెడు ఎత్తు నుంచి నెమ్మదిగా దిగి చూడవలె. సైకిలు ఒక్కసారి ఊగి నిలిస్తే సరి. రెండు మూడు సార్లు ఊగితే మర బిగించవలె. అసలు ఊగక, నిద్ర లేచినట్లు మెల్లగా లేస్తే వదులు చేయవలె. లేకుంటే వరుస రాళ్ళపై స్ప్రింగు లేవకముందే మరొక దెబ్బ పడి క్రమముగా కూరుకొనిపోతుంది.

కొనేటప్పుడు మోటారు ఎక్కడ ఉన్నదో ముందు చూడవలె. మన దేశములో చౌకగా దొరికే విద్యుత్తు సైకిళ్ళలో చాలావాటికి వెనుక హబ్బులోనే ఉంటుంది. ఊరి రోడ్డుకు అది చాలును. కొండదారి మీద మాత్రము ఆ బరువు స్ప్రింగుకు క్రిందనే ఉండి రాయి తగిలినప్పుడల్లా చక్రముతో పాటు ఎగిరి పడుతుంది. బరువైన చక్రము నేల వంపులను వెంటవెంటనే అనుసరించలేదు. పెడళ్ళ దగ్గర మోటారు, చట్రములో బ్యాటరీ ఉంటే ఆ బరువంతా స్ప్రింగుకు పైన, నేలకు దగ్గరగా ఉంటుంది; చట్రము నిలకడగా ఉండి చక్రము ఒక్కటే తేలికగా కదులుతుంది. అందుచేత 25 కిలోల విద్యుత్తు సైకిలు దిగుడులో 15 కిలోల సాధారణ సైకిలుకన్న నిబ్బరముగా పోయినట్లు తోచటములో వింత లేదు. ఆగటము దగ్గర మాత్రము బరువు బరువే. 200 మిల్లీమీటర్ల బ్రేకు పళ్ళేలు దానికి విలాసము కావు.

ఎక్కుడులో జరిగే పొరపాటు మరొకటి. సవారితో కలిపి 105 కిలోల సైకిలు, నూరడుగులకు 20 అడుగులు లేచే వాలు ఎక్కుతున్నదనుకొందాము. గురుత్వాకర్షణకు ఎదురు నిలువటానికి సుమారు 200 న్యూటన్ల బలము చాలును. బలమైన మోటారు 85, కాళ్ళు 40 న్యూటన్-మీటర్ల త్రిప్పే బలము ఇస్తే, ముందు 34, వెనుక 51 పళ్ళ గేరులో టైరు నేలను వెనక్కు నెట్టే బలము 500 న్యూటన్లు దాటుతుంది. బరువులో మూడు పాళ్ళు వెనుక చక్రము మీద ఉండి, వదులు కంకరకు ఘర్షణ గుణకము 0.5 అయితే, నేల భరించగలిగినది 380 న్యూటన్ల లోపే. మిగిలినది చక్రము గిర్రున తిరగటానికే ఖర్చు. కాలు నేలమీద పెట్టిన తరువాత ఆ వాలులో మళ్ళీ బయలుదేరటము ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. ఇటువంటి చోట మోటారు సాయము ఒక మెట్టు తగ్గించి, గేరు ఒకటి గట్టిది వేసి, సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచి, సమముగా తొక్కవలె. ముందుకు వంగటము ముందు చక్రము లేవకుండా చేస్తుంది. పూర్తిగా నిలబడితే వెనుక చక్రముపై భారము పోయి అది జారుతుంది.

సీటు ఎత్తు చూడటము సులభము: మడమ పెడలుపై ఉంచి, పెడలు అడుగున ఉండగా కాలు తిన్నగా చాగవలె. దిగుడులో సీటు అడ్డము రాకుండా మీట నొక్కితే దిగిపోయే సీటు కడ్డీ ఉంటే మరీ మంచిది. సవరింపులలో టైరు పీడనము మొదట, స్ప్రింగుల దిగుడు తరువాత, లేచే వేగము చివర చూసుకొనవలె. తెలిసిన దారిలో ఒక చిన్న తునకను ఎన్నుకొని, ప్రతిసారి ఒక్కటే మార్చి, అదే వేగముతో మళ్ళీ మళ్ళీ పోయి, అంకెలు కాగితముపై వ్రాసుకొనవలె. సంచి బరువు పెరిగిన రోజున ఆ అంకెలు పనికిరావు; స్ప్రింగు దిగుడు మళ్ళీ కొలుచుకొనవలసిందే.