రాకెట్టునుండి రంగుల వెలుగునకు : ఫ్రాంక్ మలీనా జీవితము

శాస్త్రము వేరు, కళ వేరు అని మనలో చాలమంది తలంతురు. లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొను బాలుని ఇంజనీరు కమ్మందురు. బొమ్మలు వేయు బాలుని చూచి, చదువు పాడుచేసికొనుచున్నాడని విచారింతురు. ఈ రెండింటిని ఒక్క జీవితములో సాధించి, రెండింటను పేరు గాంచిన వాడొకడు గత శతాబ్దమున నుండెను. ఆయన పేరు ఫ్రాంక్ మలీనా. విద్యుద్దీపములు, మోటార్లు, కంప్యూటర్లు మొదలగు సాధనములతో కల్పించు కళను నేడు నవమాధ్యమ కళ యని వ్యవహరించుచున్నారు. ఆ కళకు త్రోవ తీసిన వారిలో మలీనా యొకడు. ఆయన చరిత్రము విద్యార్థులకే గాక తలిదండ్రులకును తెలియదగినది.

మలీనా 1912వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, బ్రెన్‌హామ్ అను చిన్న పట్టణములో జన్మించెను. ఆయన కుటుంబము చెక్ జాతికి చెందినది. తండ్రి ఐరోపాలోని మొరేవియానుండి వలస వచ్చినవాడు. 1920లో ఆ కుటుంబము మొరేవియాకు తిరిగిపోయి, అయిదేండ్లు అచట నివసించెను. ఆ కాలముననే, పండ్రెండేండ్ల వయస్సులో, మలీనా ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ వ్రాసిన చంద్రలోక ప్రయాణ కథను చెక్ భాషలో చదివెను. అంతరిక్షయానమునందు తన కాసక్తి కలుగుటకు ఆ గ్రంథము కారణమని ఆయన పిమ్మట వ్రాసికొనెను.

తెలుగు మాట్లాడువారు కొలదిమందియే యుండు ప్రాంతములలో తెలుగున చదువుకొనుచున్న మన మీ విషయమును గమనింపవలెను. అంతరిక్షమునకు దారితీసిన తలపు ఆ బాలునకు తాను పుట్టిన దేశపు పెద్ద భాషలో గాక, తండ్రి భాషలో అందెను. తరువాత ఆయన ఇంగ్లీషున ఉన్నత విద్య నభ్యసించెను, ఫ్రాన్సులో స్థిరపడెను. తండ్రి భాష దేనికిని అడ్డు రాలేదు.

1925లో టెక్సాసునకు తిరిగివచ్చిన మలీనా, 1934లో యంత్రనిర్మాణ శాస్త్రమున పట్టము పొంది, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో చేరెను. అచట థియొడోర్ వాన్ కార్మాన్ అను విఖ్యాత విమానశాస్త్రవేత్త ఆయనకు గురువు. గురువుగారు మరియొకరితో కలసి రచించిన ఇంజనీరింగు గణిత గ్రంథమునకు పటములను గీసినది మలీనాయే. అనగా ఆయన చిత్రలేఖనము మొదట శాస్త్రమునకే సేవ చేసెను.

ఆ దినములలో రాకెట్టు అన్నచో పండితులు నవ్వెడివారు. దాని సూత్రము మాత్రము మన పండుగలలో కాల్చు తారాజువ్వ యందలి సూత్రమే. మందు మండి పుట్టిన వాయువు వెనుకకు వేగముగా వెడలును. ఆ వేగమునకు బదులుగా జువ్వ ముందుకు దూసికొనిపోవును. కాని ద్రవ ఇంధనమును అదుపులో నుంచి కొన్ని క్షణములసేపు నిలుకడగా మండించుట మిక్కిలి కష్టము. మలీనాయు ఆయన మిత్రులును 1936 అక్టోబరు 31న, పాసడీనా నగరము చెంత నున్న ఆరోయో సెకో అను ఎండిన యేటిలోయలో తమ తొలి పరీక్షను జరిపిరి. ప్రాణవాయువును తెచ్చు గొట్టము ఊడిపోయి, అంటుకొని, మంటలు చిమ్ముచు నేలపై గిరగిర తిరిగెను. అందరు పరుగెత్తిరి. అయినను వారు వదలలేదు. 1937 జనవరిలో వారి యంత్రము 44 సెకండ్లు మండెను. అటుపిమ్మట విద్యాసంస్థ భవనములోనే పరీక్షలు చేయగా, విషవాయువు వెడలి అచ్చటి పనిముట్లకు త్రుప్పు పట్టెను. అధికారులు వారిని బయటికి పంపివేసిరి. చావునకు తెగించిన దండు అని తోటివారు వారికి పేరు పెట్టిరి.

ఆ దండు చేసిన పనియే కాలక్రమమున జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ అను మహాసంస్థ యైనది. దాని స్థాపకులలో మలీనా ముఖ్యుడు. 1944 నుండి 1946 వరకు దానికి అధిపతి. 1977లో బయలుదేరి సౌరకుటుంబపు వెలుపలి గ్రహములను దర్శించిన వోయేజర్ నౌకలను నడపిన సంస్థ యిదియే. మలీనా నాయకత్వమున నిర్మితమైన వాక్ కార్పొరల్ అను రాకెట్టు, సుమారు 11 కిలోల పరికరములను 30 కిలోమీటర్ల ఎత్తునకు చేర్చవలెనని తలపెట్టబడినది. 1945 అక్టోబరులో అది సుమారు 70 కిలోమీటర్లు ఎగసెను.

అంతటి విజయము తరువాత ఆయన ఆ మార్గమును విడిచెను. వాతావరణమును పరిశోధింప దలచిన రాకెట్టు, అణుబాంబును మోయు ఆయుధము కానున్నదని ఆయన మనస్సు కలతనొందెను. 1947లో పారిస్ నగరమునకు పోయి, యునెస్కో సంస్థలో చేరి, ఎడారి భూముల పరిశోధన మొదలగు శాంతికార్యములలో పాల్గొనెను. అమెరికాలో మాత్రము రాజకీయ కారణములచే ఆయన అనుమానమునకు గురియయ్యెను. 1953లో ఆ ఉద్యోగమును గూడ వదలి, నలుబదియొకటవ యేట పూర్తిగా చిత్రకారు డయ్యెను. తాను స్థాపకులలో నొకడైన రాకెట్టు పరిశ్రమలోని వాటాల వలన ఆయనకు బ్రతుకు తెరువు చింత లేకపోయెను. అట్టి ఆధారము అందరికి నుండదు గనుక, ఆయన వలె ఉద్యోగము మానుటయే గొప్ప యని ఎవరును తలపరాదు.

మలీనా చిత్రకళలో చేసిన దేమి? సూక్ష్మదర్శినియు టెలిస్కోపును మానవునకు క్రొత్త లోకములను చూపుచుండగా, చిత్రకారు లింకను పండ్లను పూలనే చిత్రించుట చాలదని ఆయన అభిప్రాయము. మొదట ఆయన తీగెలను, తీగెవలలను ఉపయోగించెను. ఒక వలపై మరియొక వలను కొంచెము వంకరగా నుంచినచో, రెంటిలోను లేని అలలవంటి చారలు కంటికి కనబడును. మీరును ఇంట దోమతెరను రెండు మడతలు చేసి, వెలుతురున కెదురుగా పట్టి, మెల్లగా కదపి చూడుడు. ఆ చారలు నీటి యలలవలె ప్రాకును.

అటుపిమ్మట 1956లో ఆయన ల్యూమిడైన్ అను పద్ధతిని కనిపెట్టెను. దీనిని గ్రహించుటకు మనకు తోలుబొమ్మలాట సహాయపడును. తోలుబొమ్మలాటలో వెనుక దీపము, నడుమ రంగుల బొమ్మ, ముందు తెల్లని తెర యుండును. మలీనా పెట్టెలోను వెనుక విద్యుద్దీపములు గలవు. వాని ముందు రంగులు వేసిన పారదర్శకమైన పళ్ళెము లుండి, చిన్న మోటారుచే మెల్లగా తిరుగుచుండును. వాని ముందు, కదలక నిలిచియుండు మరియొక చిత్రఫలకము. అన్నింటికి ముందు వెలుతురును చెదరగొట్టు తెర. తిరుగు రంగులును నిలిచిన రంగులును ఒకదానిపై నొకటి పడుటచే, తెరపై రూపములు పుట్టుచు, కలియుచు, కరగిపోవుచు నుండును. బొమ్మలాడించువాని చేతికి బదులు ఇచట మోటారు గలదు. కథకు బదులు నక్షత్రముల గమనము, గ్రహముల కక్ష్యలు గలవు. 1965లో ఆక్స్‌ఫర్డు నగరమున పెర్గమన్ ప్రచురణ సంస్థకై ఆయన ఈ రీతిని నిర్మించిన పెద్ద చిత్రమునకు 'కాస్మాస్', అనగా విశ్వము, అని పేరు.

1968లో మలీనా 'లియొనార్డో' అను పత్రికను స్థాపించెను. చిత్రకారుడు, శిల్పి, ఇంజనీరు మున్నగువారు తాము చేసిన పనిని, చేసిన విధమును తామే వ్రాసి తెలుపవలెననునది దాని నియమము. శాస్త్రజ్ఞులు తమ ప్రయోగములను దాచక వెల్లడించునట్లే కళాకారులును చేయవలెనని ఆయన ఆశయము. 1981 నవంబరు 9న మలీనా మరణించెను. పిమ్మట ఆయన కుమారుడును ఖగోళ శాస్త్రజ్ఞుడును అగు రోజర్ మలీనా ఆ పత్రికను నడపెను. అది నేటికిని వెలువడుచున్నది.

రాకెట్టును నిర్మించిన చేతులే రంగుల పళ్ళెములను త్రిప్పినవి. కొలతయు, ఓర్పును, పరీక్షించి చూచు బుద్ధియు రెండు పనులకును కావలసినవే. కావున విద్యార్థులారా, ప్రయోగశాలలో పటము గీయునపుడు దానిని అందముగా గీయుడు; బొమ్మ వేయునపుడు వెలుగు ఎటనుండి పడుచున్నదో యోచింపుడు. తలిదండ్రులును తమ బిడ్డ లెక్కల పుస్తకము అంచున బొమ్మ గీసినచో కోపింపక, అదేమని అడిగి తెలిసికొందురు గాక. ఆ బిడ్డ మన భాషలోనే దానిని వివరింపగలడు.